దిల్‌సుఖ్‌నగర్ టు ఎల్బీనగర్: పాత బ్యాటరీకి కొత్త చొక్కా

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకనిది ఏమైనా ఉందా? గ్రూప్స్ మెటీరియల్ నుంచి పెళ్లి పట్టుచీర దాకా, ఇయర్‌బడ్స్ నుంచి ఇడ్లీ పిండి దాకా అన్నీ ఆ ఒక్క కిలోమీటర్‌లోనే. కానీ ఒకటి మాత్రం ఏ షాపులోనూ లేదు. నలభై ఏళ్ల కిందటి రేడియో సెల్!

మరి అదెందుకు అంటారా? ఇన్‌స్టాలో చూసే ఉంటారు. తాతయ్యల ట్రాన్సిస్టర్లు, మొదటి తరం వాక్‌మన్‌లు, పెద్ద టేపురికార్డర్లు మళ్లీ బయటికొస్తున్నాయి. దుమ్ము దులిపి, బాగు చేయించి, హాల్లో షెల్ఫ్ మీద పెడుతున్నారు. పైనుంచి చూస్తే అంతా బావుంటుంది. వెనక మూత తీస్తే మాత్రం లోపల ఖాళీ. లేదంటే మొన్న కిరాణా కొట్లో కొన్న తళతళలాడే సెల్లు. 1978 నాటి రేడియోకి 2025 సెల్ అంటే, పంచె కట్టుకుని స్పోర్ట్స్ షూ వేసుకున్నట్టు.

అందుకే కొందరు పాత బ్యాటరీ లేబుళ్లను మళ్లీ గీసి, ప్రింట్ చేసి, సెల్ సైజు గొట్టాలకు చుట్టుకుంటున్నారు. ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న సరదా ఇది. మన దగ్గర చేయాలంటే? మెట్రో రెడ్ లైన్‌లో నాలుగు స్టేషన్ల దూరం చాలు. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ వరకు ఒక శనివారం ఆ పని మీదే తిరిగాను. వచ్చేయండి, మీకూ చూపిస్తా.

పేరు మారినా మనిషి మిగిలాడు

మొదటి స్టాప్ మూసారాంబాగ్. ఇక్కడ దిగడానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి ఆ పేరు. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. ఆయన సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. జనం నోట్లో ‘మోస్యో రేమండ్’ కాస్తా ‘మూసా రాం’ అయ్యాడు. ఆయన తోట మూసారాంబాగ్ అయింది. అసలు మనిషి పోయాడు, తోట పోయింది, పేరు మాత్రం కొత్త అక్షరాల్లో బతికేసింది. మనం ఇవాళ బ్యాటరీకి చేయబోయేదీ ఇంచుమించు ఇలాంటి పనే.

రెండోది టీవీ టవర్. ఈ ఏరియాలో ఆటోవాళ్లకు ‘టీవీ టవర్’ అంటే చాలు, ఇంకో ల్యాండ్‌మార్క్ అక్కర్లేదు. బొమ్మ గాల్లో తేలి వచ్చిన కాలానికి గుర్తు అది. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపించిన ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు సెట్లు వెళ్లాయి. ఆ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. కరెంటు లేని ఊళ్లలో కొన్ని సెట్లు బ్యాటరీ మీదే నడిచాయి. అప్పట్లో ఊళ్లో బ్యాటరీ అంటే రిమోట్‌లో వేసే చిన్న ముక్క కాదు. వార్తలు, పాటలు, క్రికెట్ కామెంటరీ, రాత్రి పొలానికి వెళ్లే దారి... అన్నీ దాని దయే.

ఎవరూ దాచుకోని వస్తువు

రేడియోను దాచుకుంటారు. దాని తోలు కవరునూ దాచుకుంటారు. అప్పట్లో రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లు కదా, ఆ పుస్తకాన్ని కూడా బీరువాలో భద్రంగా పెట్టినవాళ్లు ఉన్నారు. అయిపోయిన సెల్‌ను ఎవరు దాచుకుంటారు? పిల్లలు దాన్ని పగలగొట్టి లోపలి నల్ల కడ్డీతో గోడల మీద గీతలు గీసేవాళ్లు. పెద్దవాళ్లు రెండ్రోజులు ఎండలో పెట్టి, ఇంకో గంట పాటలు విని, ఆ తర్వాత పెంటకుప్పలో పారేసేవాళ్లు.

ఆ ఎండ చిట్కా ఊరికే పుట్టింది కాదు. సెల్‌కు కాస్త విశ్రాంతి, కాస్త వేడి దొరికితే లోపలి రసాయన చర్య మళ్లీ కొంచెం పుంజుకుంటుంది. అంతేగానీ కొత్త ప్రాణం రాదు.

అలా కోట్లలో తయారై, కోట్లలో మాయమైన వస్తువు అది. ఇప్పుడు పాత లేబుల్ చూడాలంటే మిగిలింది ఒకటే చోటు. ఎవరో మర్చిపోయి రేడియోలోనే వదిలేసిన సెల్లు. అసలు సమస్య కూడా అక్కడే ఉంది. ఆ రేడియోను లోపల్నుంచి తినేస్తున్నదీ అవే సెల్లు.

వనస్థలిపురంలో ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో నేను చూసింది సరిగ్గా ఇదే. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్న ట్రాన్సిస్టర్. వెనక నాలుగు పెద్ద సెల్లు. మూడింటి లేబుళ్లు తుప్పులో కరిగిపోయాయి. నాలుగోదాని మీద మాత్రం ‘నిప్పో’ అన్న పేరు ఇంకా కనిపిస్తోంది.

“మాస్టారూ, ఇవి తీసేయాలండీ. స్ప్రింగులు పోతున్నాయి” అన్నాను.

“తీసెయ్ నాయనా, కాదనను. ఆ ఒక్కటి మాత్రం పారెయ్యొద్దు. అది మా నెల్లూరు సెల్లు” అన్నారు.

అన్నది నిజమే. నిప్పో తయారుచేసే ఇండో నేషనల్ కంపెనీ 1972లో ఏర్పాటైంది. జపాన్ మత్సుషితా సంస్థ సహకారంతో నెల్లూరులో ఫ్యాక్టరీ పెట్టారు. ఆ ఊరివాళ్లకు అది కిరాణా కొట్లో కొన్న వస్తువు మాత్రమే కాదు. తెలిసినవాళ్లెవరో పనిచేసిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సరుకు.

సెల్ ఉంచితే రేడియో పోతుంది. సెల్ పారేస్తే మాస్టారి నెల్లూరు పోతుంది. మధ్యేమార్గం ఒకటే. లేబుల్‌ను కాపాడి, దానికి జిరాక్స్ కాని జిరాక్స్ ఒకటి చేయాలి.

లోపల ఏం జరుగుతుందంటే...

కాస్త కెమిస్ట్రీ. భయపడకండి, రెండు నిమిషాలే.

పాత డ్రై సెల్‌కు బయటి డబ్బానే జింకు. అదే నెగటివ్ కూడా. మధ్యలో కార్బన్ కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్, కార్బన్ కలిపిన నల్లపొడి. మధ్యలో అమ్మోనియం క్లోరైడ్ లేదా జింక్ క్లోరైడ్ తడి. ఫ్రెంచి ఇంజినీర్ లెక్లాంచె 1866లో కనిపెట్టిన సెల్‌కు ఇది వారసురాలు. ఒక్కో సెల్ 1.5 వోల్టులు. నాలుగు వరసగా వేస్తే 6 వోల్టులు.

కరెంటు ఇచ్చేకొద్దీ జింకు డబ్బా తనను తానే ఖర్చుపెట్టుకుంటుంది. గోడ పలచబడుతుంది, చివరికి చిల్లు పడుతుంది, తడి బయటికొస్తుంది. అంటే లీక్ కావడం ఏదో తయారీ లోపం కాదు, ఆ సెల్ పుట్టుకలోనే ఉన్న ముగింపు. అందుకే డబ్బా చుట్టూ అట్ట, దాని మీద కాగితం లేబుల్ లేదా ప్రింట్ చేసిన రేకు తొడుగు వేసేవాళ్లు. మనం ‘అందం’ అనుకునే ఆ చొక్కా నిజానికి లీకును ఆపే అడ్డుగోడ కూడా.

శుభ్రం చేసేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. పాత జింక్-కార్బన్ సెల్ కారిస్తే అది ఆమ్ల గుణం ఉన్న మురికి. వంట సోడాను కొద్దిగా నీళ్లలో కలిపి దూదిపుల్లతో తుడవాలి. ఆల్కలైన్ సెల్ కారిస్తే అది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. దానికి నిమ్మరసమో వెనిగరో చుక్క చాలు. ఏది ఏదో తెలియకుండా రుద్దితే పని జరగదు. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చివర్లో బాగా ఆరనివ్వాలి.

లేబులే డిటెక్టివ్

లేబుల్ మళ్లీ గీయాలంటే ముందు దాని వయసు తెలియాలి. దీనికి మీ ఫోన్‌లో ఏ యాప్ అక్కర్లేదు, లేబుల్ మీది చిన్నచిన్న అక్షరాలే సాక్ష్యం చెబుతాయి.

పిన్‌కోడ్ ఉందా? అయితే 1972 ఆగస్టు 15 తర్వాతిదే. మన పోస్టల్ శాఖ పిన్‌కోడ్ మొదలుపెట్టింది ఆ రోజే. అడ్రసులో ‘మద్రాస్’ అని ఉంటే 1996కు, ‘కలకత్తా’ అని ఉంటే 2001కి ముందుది కావచ్చు. కంపెనీలు పాత స్టాకు లేబుళ్లు కొన్నాళ్లు వాడతాయి కాబట్టి ఏడాది అటూ ఇటూ.

కంపెనీ పేరు ఇంకా గట్టి సాక్షి. ఎవరెడీనే తీసుకోండి. 1934లో ఎవరెడీ కంపెనీ ఇండియా పేరుతో మొదలై, 1959లో యూనియన్ కార్బైడ్ ఇండియా అయింది. మన మౌలాలిలో కూడా వాళ్ల సెల్ ఫ్యాక్టరీ ఉండేది. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ విషాదం జరిగింది అదే యూనియన్ కార్బైడ్ ప్లాంటులో. 1994లో కంపెనీ చేతులు మారింది. ఆ తర్వాత సెల్ మీద యూనియన్ కార్బైడ్ పేరు పోయింది. తొమ్మిది అంకెలోంచి దూకే పిల్లి మాత్రం ఉండిపోయింది.

ఆలోచించండి. పిల్లి బొమ్మ ఉన్న రెండు పాత సెల్లు పక్కపక్కన పెడితే చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉండొచ్చు. కింద ఒక్క లైను తేడా. ఆ ఒక్క లైనులో ఒక ఊరి కథంతా ఉంది. అందుకే లేబుల్ మళ్లీ గీసేవాళ్లు ‘చిన్న అక్షరాలు ఎవరు చూస్తార్లే’ అనుకోకూడదు. అసలు చూడాల్సింది వాటినే.

బ్యాటరీల విషయంలో మన హైదరాబాద్‌కు ఇంకో గుర్తూ ఉంది. 1977లో మొదలైన హెచ్‌బీఎల్ పేరులో మొదటి అక్షరం హైదరాబాదే. హైదరాబాద్ బ్యాటరీస్ లిమిటెడ్ అన్నమాట. రక్షణ రంగానికి, రైల్వేలకు బ్యాటరీలు చేసే సంస్థ కాబట్టి మన రేడియోల్లో కనిపించదు.

దిల్‌సుఖ్‌నగర్: స్టిక్కర్ షాపులో పంచాయితీ

రెండో స్టాప్ దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక ఇక్కడికి రావడం తేలికైంది. కానీ రోడ్డు మీద నడవడం మాత్రం ఇప్పటికీ ఒక పరీక్షే. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, వాటి మధ్య సాయిబాబా గుడికి వెళ్లే జనం, ఫుట్‌పాత్ మీద ఫోన్ కవర్లు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇదే రోడ్డు బాంబు పేలుళ్లతో వణికింది. మర్నాడే కాకపోయినా, మళ్లీ ఈ జనమే ఈ రోడ్డును నింపేశారు.

కోచింగ్ ఉన్నచోట జిరాక్స్ ఉంటుంది. జిరాక్స్ ఉన్నచోట కలర్ ప్రింట్, స్పైరల్ బైండింగ్, స్టిక్కర్ షీట్ ఉంటాయి. మన పనికి కావాల్సింది ఇదే.

ఇక్కడికి వచ్చేముందు ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. లేబుల్‌ను చదును చేసి స్కాన్ తీయడం. కాగితం ఊడి వచ్చేలా ఉంటే సరే. ఊడకపోతే బలవంతం చేయొద్దు, పీలికలైపోతుంది. సెల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ఎనిమిది ఫొటోలు తీసి, ప్రతి ఫొటోలో మధ్య భాగం మాత్రమే వాడి అతికించుకోవాలి. అంచుల్లో గుండ్రం వల్ల అక్షరాలు సన్నబడతాయి, అందుకే మధ్య భాగమే తీసుకోవాలి. పక్కనే స్కేలు పెట్టి తీస్తే కొలత తప్పదు. మాస్టారి సెల్‌కు నేను చేసింది ఇదే. తుప్పు కింద పోయిన అక్షరాలను బటర్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసుకుని, ఇంక్‌స్కేప్‌లో మళ్లీ గీశాను. అది ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో దొరికే రెడీమేడ్ ఫాంట్లు వాడితే పని తొందరగా అయిపోతుంది. పాత అక్షరాలు చాలావరకు చేత్తో గీసినవి కాబట్టి, కీబోర్డు ఫాంట్ పెట్టగానే దొరికిపోతుంది.

ఇక కొలతలు. ఇవి అంతర్జాతీయ ప్రమాణాలు కాబట్టి కంపెనీ ఏదైనా మారవు.

పెద్ద సెల్, అంటే డి సైజు: అడ్డం గరిష్ఠంగా 34.2 మి.మీ., ఎత్తు 61.5 మి.మీ. చుట్టుకొలత సుమారు 107.4 మి.మీ.
మధ్య సెల్, సి సైజు: అడ్డం 26.2, ఎత్తు 50. చుట్టుకొలత 82.3.
పెన్సిల్ సెల్, డబుల్ ఏ: అడ్డం 14.5, ఎత్తు 50.5. చుట్టుకొలత 45.6.

లేబుల్ వెడల్పు అంటే చుట్టుకొలతకు ఇంకో 3 మి.మీ. కలపాలి. అంచు మీద అంచు ఎక్కడానికి. డి సైజుకు 110.4 మి.మీ. వస్తుంది. ఏ4 స్టిక్కర్ షీట్‌ను అడ్డంగా పెడితే ఆరు లేబుళ్లు సుఖంగా పడతాయి.

పెన్‌డ్రైవ్ ఇవ్వగానే షాపాయన స్క్రీన్ మీద బొమ్మ చూశాడు. మౌస్ ఆపేశాడు.

“ఏం తమ్మీ, డూప్లికేట్ మాల్ చేస్తున్నవా ఏంది?”

“అయ్యో, కాదన్నా. పాత రేడియో ఉంది. అందులో పెట్టడానికే. ఆరే ఆరు.”

“ఆరుతోని మొదలైతది. రేపొచ్చి ఆరువేలు అంటరు. కంపెనీ బొమ్మ కొట్టిస్తే రేపు పోలీసులొచ్చి నన్నే అడుగుతరు. నిన్ను కాదు.”

ఆయన కోపంలో న్యాయం ఉంది. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం వేరేవాళ్ల గుర్తును మోసానికి వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. నిప్పో, ఎవరెడీ రెండూ ఇప్పటికీ మార్కెట్‌లో ఉన్న పేర్లు. ‘పాతదే కదా, ఎవరు అడుగుతారు’ అనడానికి లేదు. నకిలీ సెల్ కొన్నవాడికి పోయేది డబ్బులొక్కటే కాదు. అది రేడియోలో కారితే రేడియో కూడా పోతుంది.

ఫోన్‌లో మాస్టారి రేడియో ఫొటో చూపించాను. తుప్పు పట్టిన సెల్ ఫొటో కూడా. ఆయన జూమ్ చేసి చూశాడు.

“మా నాయినకు గిట్లాంటిదే ఉండె. చెవి కాడ పెట్టుకుని పండేటోడు” అన్నాడు. కాసేపాగి, “సరే, ఓ పని చెయ్. అంచు మీద ‘నమూనా, అమ్మకానికి కాదు’ అని రాయి. ఐఎస్ఐ ముద్ర తీసెయ్. అప్పుడు కొడత.”

మంచి షరతు! అప్పటికప్పుడే మార్చాం. అంచు కలిసేచోట సన్నగా ‘నమూనా 2025 - అమ్మకానికి కాదు’ అని పెట్టాం. ఐఎస్ఐ గుర్తు అంటే ఆ వస్తువును పరీక్షించారని జనానికి ఇచ్చే హామీ. మనం పరీక్షించనిదానికి ఆ హామీ ఇవ్వకూడదు. దాని చోట చిన్న ఖాళీ గడి వదిలాం. తర్వాత ఎవరైనా చూస్తే అక్కడ ఏదో ఉండేదని తెలుస్తుంది, నకిలీ మాత్రం కాదు.

ఎరుపు రంగు గొడవ

మొదటి ప్రింట్‌లో ఎరుపు కాస్త నారింజలా వచ్చింది. కారణం ఏమిటంటే, పాత లేబుళ్లు చాలావరకు ఒక్కో రంగుకు ఒక్కో ఇంకుతో అచ్చయ్యేవి. ఎరుపు అంటే డబ్బాలోనే ఎరుపు. ఇప్పటి ప్రింటర్ నాలుగు రంగుల చుక్కలు కలిపి ఎరుపులా భ్రమ కలిగిస్తుంది. ఫోన్ స్క్రీన్ మీద కనిపించే ఎరుపు ఇంకా వేరు, అది వెలుతురుతో చేసింది.

దీనికి మంత్రం లేదు. ఎరుపులో ఎనిమిది తేడాలతో చిన్న పట్టీ ఒకటి ప్రింట్ కొట్టించండి. అసలు సెల్ పక్కన పెట్టి, ట్యూబ్‌లైట్ కింద కాకుండా షాపు బయట పగటి వెలుతురులో చూడండి. దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. గ్లాసీ కంటే మ్యాట్ కాగితం మేలు, ఫొటోలో మెరిసిపోదు. వెండి రంగు మెటాలిక్ స్టిక్కర్ మాత్రం అసలు వద్దు. అందులో లోహపు పొర ఉంటే, సెల్ పైనా కిందా తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో ప్రశ్న. లేబుల్ కొత్తగా కనిపించాలా, పాతగానా? కొందరు టీ డికాషన్ రాసి మచ్చలు తెప్పిస్తారు. మాస్టారికి ఫోన్ చేసి అడిగితే ఆయన నవ్వేశారు. “మేం కొట్లో కొన్నప్పుడు అది కొత్తదే కదయ్యా! దానికి ముసలితనం ఎందుకు పెడతావు?” అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

కొత్తపేట దారిలో

చేతిలో ఆరు లేబుళ్లతో బయటపడి చైతన్యపురి, కొత్తపేట మీదుగా నడిచాను. మెట్రోలో అయితే అయిదారు నిమిషాలు. నడిస్తేనే ఊరు కనిపిస్తుంది.

కొత్తపేట అనగానే ఒకప్పుడు ముక్కుకు తగిలేది మామిడిపళ్ల వాసన. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడే ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే లారీలు, గడ్డి, చెక్క పెట్టెలు, వాటి మీద రకరకాల లేబుళ్లు. మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి వెళ్లిపోయింది. ఆ పెట్టెల మీది కాగితాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? గడ్డితో పాటే పోయుంటాయి. సెల్ లేబుల్, పండ్ల పెట్టె లేబుల్, అగ్గిపెట్టె లేబుల్, సోడా బాటిల్ మూత... మన ఇళ్లలో ఎక్కువ చేతులు మారిన బొమ్మలు ఇవే. మ్యూజియంలో తక్కువగా దొరికేవీ ఇవే.

ఆ తర్వాత విక్టోరియా మెమోరియల్ స్టేషన్. ఆరో నిజాం కాలపు భవనంలో నడుస్తున్న అనాథ విద్యార్థి గృహం పేరే స్టేషన్‌కు పెట్టారు. పక్కనే సరూర్‌నగర్. ఈ దారంతా పాత పేర్లు కొత్త బోర్డుల మీద కనిపిస్తూనే ఉంటాయి.

ఎల్బీనగర్: చుట్టే పని

చివరి స్టేషన్ ఎల్బీనగర్. పూర్తిపేరు లాల్‌బహదూర్‌నగర్, కానీ అలా అంటే ఆటోవాడు ఓసారి ఆగి చూస్తాడు. ఇక్కడి నుంచే విజయవాడ హైవే. అదే రోడ్డు మీద ఇంకా ముందుకెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ. పాత కాలం సినిమాలకు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చేసే పని కూడా ఇదే కదా! ‘రంగస్థలం’ 1980ల ఊరిని కళ్ల ముందు పెట్టిందంటే గోడలు, ఇళ్లు మాత్రమే కాదు, చేతిలో పట్టుకునే చిన్న వస్తువులు కూడా ఆ కాలానివి అనిపించాలి. కాకపోతే సినిమా లేబుల్ కెమెరాకు మూడడుగుల దూరంలో బావుంటే సరిపోతుంది. మాస్టారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని చూస్తారు.

వనస్థలిపురంలో ఆయన డైనింగ్ టేబుల్ మీదే చుట్టడం మొదలుపెట్టాం. దీనికి రెండు దారులున్నాయి.

రేడియో షోకేసులో ఉంటే చాలు అనుకుంటే, డి సైజులో చెక్క దుంగలు కోయించండి. వడ్రంగి షాపులో లేత్ మీద నిమిషాల పని. చెక్క ఎప్పటికీ కారదు.

రేడియో మోగాలి అనుకుంటే, పెన్సిల్ సెల్‌ను పెద్ద సెల్‌గా మార్చే ప్లాస్టిక్ గొట్టాలు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి, కోఠి గుజరాతీ గల్లీలోనూ అడగొచ్చు. లోపల ఇప్పటి పెన్సిల్ సెల్, బయట అప్పటి లేబుల్. నాలుగూ వేస్తే అదే 6 వోల్టులు. పెద్ద సెల్లంత కాలం రావు, అంతే తేడా. రీచార్జబుల్ వేస్తే ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి మొత్తం 4.8 వోల్టులు వస్తాయి. కొన్ని సెట్లు దానితోనూ పనిచేస్తాయి, కొన్ని గొణుగుతాయి. విని ఆపాక సెల్లు తీసి పక్కన పెట్టడం మర్చిపోవద్దు.

చేయకూడనివి కూడా చెప్పుకుందాం. సెల్ పైమూత, కింది అంచు కాగితంతో మూయొద్దు. లోపల గ్యాస్ పుడితే బయటికి పోయే దారి అక్కడే ఉంటుంది. నిజం సెల్ మీద ప్లాస్టిక్ తొడుగు వేసి హీట్ గన్‌తో కాల్చొద్దు. పవర్‌బ్యాంకుల్లో ఉండే లిథియం సెల్లు చూడ్డానికి ఇలాగే గుండ్రంగా ఉంటాయి గానీ వాటి చొక్కా అస్సలు విప్పొద్దు. చాలా రకాల్లో డబ్బా అంతా నెగటివ్. పైన పాజిటివ్‌కు, దానికి మధ్య అడ్డుగా ఉండేది ఆ పలచటి తొడుగే. అది చిరిగితే షార్ట్ అయి నిప్పు కూడా పుట్టొచ్చు.

మేం రెండో దారి పట్టాం. మొదటి లేబుల్‌ను గొట్టం మీద నిలువు గీత గీసుకుని, దాని వెంబడి అతికించి, బొటనవేలితో మెల్లగా చుట్టాను. మూడో లేబుల్‌కు మాస్టారు “ఇటివ్వు” అని తీసుకున్నారు. నలభై ఏళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి. నా కంటే నీటుగా వచ్చింది.

నాలుగూ లోపల పెట్టి మూత వేశాం. ఆన్ చేస్తే ముందు కరకర. ముల్లు తిప్పుతూ మీడియం వేవ్‌లో 738 దగ్గరికి తెచ్చారు. హైదరాబాద్-ఎ కేంద్రం ఉండే చోటు అది. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, వైఫై అన్నీ కలిసి చేసే గోల మధ్య మాట స్పష్టంగా వినిపించలేదు. ఆయనకు అదేమీ పట్టలేదు. రేడియోను తిరగేసి, మూత తీసి, సెల్లవంకే చూస్తున్నారు. ఆయన మనవడు వచ్చి, “తాతా, ఇంత పెద్ద బ్యాటరీనా! ఫోన్ కంటే బరువుంటుందా?” అన్నాడు. ఆ తర్వాత అరగంట నెల్లూరు కబుర్లే.

పాత సెల్లు ఏం చేయాలి?

అసలు పని ఇంకా మిగిలే ఉంది. కారిపోయిన నాలుగు సెల్లు. వాటిని తడి చెత్తలో వేయకూడదు, కాల్చకూడదు, పిల్లలు ఆడుకునేచోట వదలకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల కింద, ఇళ్లలో వాడే చిన్న సెల్లను కూడా విడిగా సేకరించి రీసైక్లింగ్‌కు పంపాలి. ఒక్కో సెల్ చివర్లకు టేపు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో కొన్నిచోట్ల డబ్బాలు పెడుతున్నారు. అడిగి చూడండి.

మూడు సెల్లకు మాస్టారే టేపు వేశారు. నాలుగోదాని మీద మిగిలిన కాగితం ముక్కను తడి దూదితో మెత్తబరిచి, బ్లేడుతో ఒలిచాం. అగ్గిపెట్టె అంత వచ్చింది. ఆరబెట్టి, ట్రాన్స్‌పరెంట్ కవరులో పెట్టి, వెనక తేదీ రాశాం. దాన్ని రేడియో కొన్ననాటి రసీదు పక్కన, బీరువాలో పెట్టారు. ఖాళీ అయిన నాలుగో సెల్‌ను ఆయనే డబ్బాలో వేసి మూత బిగించారు.

మీ ఇంట్లోనూ అటక మీద ఓ ట్రాన్సిస్టరో, టార్చిలైటో, టేపురికార్డరో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం కిందికి దింపి వెనక మూత తీయండి. లోపల సెల్లుంటే ముందు ఫొటో తీయండి, స్కేలు పక్కన పెట్టి మరీ. చిన్న అక్షరాలు పడేలా దగ్గరగా తీయండి. ఆ తర్వాతే వంట సోడా సంగతి.